కేటర్‌హామ్ సెవెన్: ఇంట్లో బిగించుకునే తేలికపాటి స్పోర్ట్స్ కారు

కేటర్‌హామ్ సెవెన్ ఇంగ్లండులో తయారయ్యే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 1957లో లోటస్ సంస్థ ‘లోటస్ సెవెన్’ పేరుతో తెచ్చిన కారుకు ఇది నేరుగా కొనసాగింపు. దీనికి తలుపులుండవు, గట్టి పైకప్పు ఉండదు. ముందు చక్రాలు బాడీకి బయటే, విడి మడ్‌గార్డుల కింద తిరుగుతుంటాయి. చాలా మోడళ్ల బరువు సుమారు 440 నుంచి 600 కిలోల మధ్య ఉంటుంది. అంటే మన రోడ్ల మీద మూడు దశాబ్దాలు తిరిగిన మారుతి 800 కంటే కూడా తేలిక. కొనేవారు పూర్తిగా తయారైన కారు తీసుకోవచ్చు, లేదా చట్రాన్నీ విడి భాగాలనూ తెప్పించుకుని తమ షెడ్డులో తామే బిగించుకోవచ్చు. ఈ విడి సామగ్రినే కిట్ అంటారు. బ్రిటన్‌లో ఇలా కారు కట్టుకోవడం ఒక సంప్రదాయం. దాన్ని అర్థం చేసుకోవడానికి సెవెన్‌ను మించిన ఉదాహరణ లేదు.

పుట్టుక

లోటస్ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ (1928–1982) లండన్ యూనివర్సిటీ కాలేజీలో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ చదివాడు. 1948లో పాత ఆస్టిన్ సెవెన్ కారు భాగాలతో తన మొదటి పోటీ కారు తయారుచేశాడు. 1952లో ఉత్తర లండన్‌లోని హార్న్‌సీలో, తండ్రి నడిపే పబ్ వెనుక ఉన్న గుర్రపుశాలలో సంస్థ మొదలైంది. వంతెనలకూ కప్పులకూ వాడే దూలాల లెక్క తెలిసిన మనిషి కావడంతో అతడు కారును కూడా అదే దృష్టితో చూశాడు. సన్నని ఉక్కు గొట్టాలను త్రిభుజాలుగా వెల్డింగ్ చేస్తే తక్కువ లోహంతోనే వంగని చట్రం వస్తుందని గ్రహించాడు. మార్క్ సిక్స్ కారులో దీన్ని అమలుచేసి, ఆ కారును కిట్‌గా అమ్మాడు. 1957లో వచ్చిన సెవెన్ ఆ ఆలోచనకు మరింత పదును పెట్టింది. మొదటి సెవెన్‌లలో ఎక్కువ వాటికి 1172 సీసీ ఫోర్డ్ ఇంజిన్ ఉండేది. కొన్నింటికి అంతకంటే శక్తిమంతమైన కోవెంట్రీ క్లైమాక్స్ ఇంజిన్ అమర్చారు.

ఒకే భాగంతో రెండు పనులు చేయించడం చాప్‌మన్ ప్రత్యేకత. మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ మామూలు కార్లలో విడిగా ఉంటుంది. సెవెన్‌లో అదే ముందు సస్పెన్షన్ పై చేతిలో ఒక భాగంగానూ పనిచేసేది. ఒక కడ్డీ, రెండు బోల్టులు మిగిలాయంటే ఆ మేరకు బరువూ ఖర్చూ రెండూ తగ్గినట్టే.

పన్ను చేసిన మేలు

కిట్ కార్ల వాడకం ఇంతగా పెరగడానికి ఇంజనీరింగ్ ఎంత కారణమో పన్నుల చట్టమూ అంతే కారణం. అప్పటి బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారు మీద పర్చేజ్ టాక్స్ పడేది. విడి భాగాల మీద పడేది కాదు. లోటస్ సెవెన్ ధర పన్నుతో కలిపి 1,036 పౌండ్లు ఉంటే, కిట్‌గా 536 పౌండ్లకే వచ్చేది. యువ ఉద్యోగికి ఇది దాదాపు సగం ధర. పన్ను మినహాయింపు దక్కాలంటే కిట్‌తో పాటు బిగించే విధానం చెప్పే పుస్తకం ఇవ్వకూడదు. అందుకని కారును ఎలా విప్పాలో చెప్పే కాగితాలు ఇచ్చేవారనీ, కొన్నవాళ్లు వాటిని చివరి నుంచి మొదటికి చదువుకుని బిగించేవారనీ ఈ కార్ల చరిత్రలో తరచూ చెబుతారు.

1973 ఏప్రిల్‌లో పర్చేజ్ టాక్స్ స్థానంలో వ్యాట్ వచ్చింది. కిట్‌కున్న ధర లాభం అంతటితో పోయింది. అదే సమయంలో లోటస్ కూడా ఖరీదైన, పెద్ద కార్ల వైపు మళ్లింది. సెవెన్ తయారీ ఆపేసింది. అప్పటికి నాలుగు సిరీస్‌లలో కలిపి సుమారు 2,500 కార్లు తయారయ్యాయి. సర్రే జిల్లాలోని కేటర్‌హామ్ ఊళ్లో ఈ కార్లు అమ్ముతున్న గ్రాహమ్ నియర్న్ తయారీ హక్కులు కొన్నాడు. ఫైబర్‌గ్లాస్ బాడీతో వచ్చిన నాలుగో సిరీస్‌ను కొద్దికాలం నడిపి, 1974లో అల్యూమినియం బాడీ ఉన్న మూడో సిరీస్‌కు తిరిగి వెళ్లాడు. ఈ నిర్ణయమే సెవెన్‌ను బతికించింది. కొత్తదనం పేరుతో బరువు పెంచకుండా, పనికొచ్చే పాతదాన్నే మెరుగుపరచడం సంస్థ పద్ధతిగా స్థిరపడింది. 1967 నాటి ‘ది ప్రిజనర్’ టీవీ ధారావాహికలో నాయకుడు నడిపిన లోటస్ సెవెన్ కూడా ఈ కారుకు పేరు తెచ్చింది. సంస్థ యాజమాన్యం ఆ తర్వాత చేతులు మారుతూ వచ్చింది. 2011లో మలేషియా వ్యాపారి టోనీ ఫెర్నాండెజ్, 2021లో జపాన్‌కు చెందిన వీటీ హోల్డింగ్స్ దాన్ని తీసుకున్నారు.

తేలికదనం ఏమిస్తుంది

సెవెన్ 270 మోడల్‌లో సుమారు 135 హార్స్‌పవర్ ఇంజిన్ ఉంటుంది. అంత శక్తి ఇవాళ మామూలు కుటుంబ కార్లలోనూ ఉంది. అయితే ఈ కారు బరువు 540 కిలోలే కాబట్టి గంటకు 60 మైళ్ల వేగాన్ని 5 సెకన్లలో అందుకుంటుంది. మోడల్ పేరులోని అంకె టన్ను బరువుకు ఎన్ని హార్స్‌పవర్లో ఇంచుమించుగా చెబుతుంది. అతి చిన్నవైన 160, 170 మోడళ్లకు సుజుకీ వారి 660 సీసీ మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్ అమర్చారు. జపాన్‌లో చిన్న కార్లకు వాడే ఇంజిన్ అది.

వేగం అందుకోవడం ఇందులో ఒక భాగం మాత్రమే. బరువు తక్కువైతే బ్రేకులు ఆపాల్సిన శక్తీ, మలుపులో టైర్లు పట్టుకోవాల్సిన భారమూ తగ్గుతాయి. అందుకే సన్నని టైర్లు సరిపోతాయి, స్టీరింగ్‌కు పవర్ సాయం అక్కర్లేదు. రోడ్డు గరుకుగా ఉందా, తడిగా ఉందా అన్నది అరచేతులకే తెలుస్తుంది. పవర్ ఎక్కువ ఉన్న కారును ఇష్టపడేవాళ్లు సెవెన్‌ను ఒకసారి నడిపితే, ఆనందం కొలిచే లెక్క మార్చుకోవాల్సి వస్తుంది. పెద్ద కార్లలో ప్రమాదకర వేగాలకు వెళ్తే తప్ప రాని అనుభూతి ఇందులో చట్టం అనుమతించే వేగంలోనే దొరుకుతుంది. ఈ కారు అసలైన గొప్పతనం ఇదే.

దీనికి లోటూ ఉంది. బయటకు పొడుచుకొచ్చిన చక్రాలు, నిలువుగా ఉండే గాజు గాలిని బాగా అడ్డుకుంటాయి. 270 మోడల్ గరిష్ఠ వేగం గంటకు 122 మైళ్లు. 310 హార్స్‌పవర్ ఉన్న 620 మోడల్‌ది 155 మైళ్లు. ఇంజిన్ శక్తి రెండింతలు దాటినా వేగం పావు వంతుకు కాస్త మించి మాత్రమే పెరిగింది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి అనుగుణంగా పెరగడమే ఇందుకు కారణం.

బిగింపు

ఇప్పటి కిట్‌లో చట్రం, దాని మీద రివెట్లు కొట్టిన అల్యూమినియం రేకులు, వైరింగ్, బ్రేకు పైపులలో చాలావరకూ ముందే అమర్చి వస్తాయి. ముక్కు భాగం, మడ్‌గార్డులు ఫైబర్‌గ్లాస్‌వి. పని మొత్తానికి దాదాపు 100 గంటలు పడుతుందని అనుకోవచ్చు. మొదటిసారి చేసేవారికి, అందునా సాయంత్రాలూ వారాంతాలూ మాత్రమే దొరికేవారికి, కొన్ని నెలలు గడుస్తాయి. వెల్డింగ్ అవసరం లేదు. పానాల సెట్టు, టార్క్ రెంచ్, చట్రాన్ని నిలబెట్టే స్టాండ్లు, అద్దెకు తెచ్చుకునే ఇంజిన్ హాయిస్ట్ ఉంటే చాలు.

సాధారణంగా ముందు సస్పెన్షన్, స్టీరింగ్ ర్యాక్‌తో పని మొదలవుతుంది. తర్వాత ఇంజిన్‌కు గేర్‌బాక్స్ కలిపి, రెండింటినీ ఏటవాలుగా వేలాడదీసి చట్రంలోకి దించుతారు. ఇద్దరు మనుషులు తప్పనిసరి. ఒకరు గొలుసు వదులుతుంటే రెండోవారు గేర్‌బాక్స్ తోకను రెండు సీట్ల మధ్య ఉండే సొరంగంలోకి నడిపించాలి. అల్యూమినియం రేకు మీద గీత పడకుండా దుప్పట్లు కప్పుతారు. వెనుక డిఫరెన్షియల్ అమర్చడమే అన్నింటికంటే ఓపిక అడిగే పని. బరువైన ఆ ఇనుప గుండును చట్రం మధ్యలో సరిగ్గా కూర్చోబెట్టి, ఖాళీల్లో పలుచని వాషర్లు చేరుస్తూ పొడవాటి బోల్టు దూర్చాలి. చాలా మోడళ్లలో దాని వెనుక డి డియాన్ గొట్టం వస్తుంది. ఇది రెండు వెనుక చక్రాలనూ కలిపి నిటారుగా పట్టి ఉంచుతుంది. బరువైన డిఫరెన్షియల్ మాత్రం చట్రానికే బిగించి ఉండడంతో చక్రాలతో పాటు ఎగిరిపడదు. ఆ తర్వాత రేడియేటర్, సైలెన్సర్, లైట్లు. చివర్లో ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ పోసి, బ్రేకుల్లో ఎయిర్ తీసి, ఇంజిన్ స్టార్ట్ చేస్తారు.

మొదటి ప్రయాణాల తర్వాత ప్రతి బోల్టునూ మళ్లీ సరిచూడాలి. నాలుగు చక్రాల కింద తూకాలు పెట్టి, సీట్లో నడిపే మనిషి కూర్చునే బరువుతో సస్పెన్షన్ సరిచేయించడం మంచిది. 540 కిలోల కారులో 75 కిలోల మనిషి ఎక్కితే మొత్తం బరువు 14 శాతం పెరుగుతుంది. ఏ మనిషి నడుపుతాడన్నది ఇంత తేలిక కారులో సెట్టింగ్‌ను మార్చేసే విషయం.

పన్ను లాభం పోయాక కూడా కిట్‌ను జనం ఎందుకు కొంటున్నారు? తయారైన కారుతో పోలిస్తే కొంత డబ్బు మిగులుతుంది, నిజమే. అంతకంటే పెద్ద లాభం తర్వాత వస్తుంది. ఏ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో, ఏ బోల్టు ఎంత బిగువుతో ఉందో కట్టినవారికి తెలుసు. మెకానిక్ కోసం ఎదురుచూడకుండా తమ కారును తాము బాగుచేసుకోగలరు. యంత్రాల మీద మమకారం ఉన్నవాళ్లకు ఈ ఎరుక విలువైనది.

పరీక్ష, రిజిస్ట్రేషన్

బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే ఐవీఏ అనే పరీక్ష నెగ్గాలి. బ్రేకులు, లైట్లు, పొగ, శబ్దం, సీటు బెల్టులు, అద్దాలు, స్పీడోమీటర్ అన్నీ చూస్తారు. మనిషికి తగిలే చోట అంచులు పదునుగా ఉండకూడదు. వాటికి కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధపు గుండ్రదనం కావాలి. చాలామంది ఇక్కడే తడబడతారు. బోల్టు తలలకు ప్లాస్టిక్ టోపీలు, రేకు అంచులకు రబ్బరు తొడుగులు వేసుకుని వెళ్తారు. అన్నీ కొత్త భాగాలైతే, లేదా బాగుచేయించిన పాత భాగం ఒక్కటే ఉంటే, ఆ ఏటి కొత్త నంబరు దక్కుతుంది. భాగాల వయసు తేలకపోతే ‘క్యూ’తో మొదలయ్యే నంబరు ఇస్తారు. అలాంటి కారుకు మార్కెట్లో ధర తగ్గుతుంది.

కారుతో కాపురం

సెవెన్‌లోకి దిగడమే ఒక విద్య. ముందు సీటు మీద కాలు పెట్టి, తర్వాత రెండు కాళ్లూ స్టీరింగ్ కిందికి జార్చాలి. చాలామంది ఊడి వచ్చే స్టీరింగ్ పెట్టించుకుంటారు. పెడళ్లు ఇరుకు కాబట్టి వెడల్పు బూట్లు పనికిరావు. పొడగరులకూ భారీ మనుషులకూ 2000లో వచ్చిన వెడల్పు ఎస్వీ చట్రం ఉంది. పక్కనే పోయే సైలెన్సర్ గొట్టం దిగేటప్పుడు పిక్క కాలుస్తుంది. వానకు గుడ్డ టాప్, పక్క తెరలు ఉంటాయి. కానీ వాటిని వేసుకునేలోపే తడిసిపోవడం మామూలే. డిక్కీలో రెండు చిన్న సంచులు పడతాయి. అయినా ఇందులో ఆల్ప్స్ పర్వతాల దాకా వెళ్లొచ్చే దంపతులు ఉన్నారు.

భద్రత విషయంలో దాపరికం ఉండకూడదు. ఎయిర్‌బ్యాగులు లేవు, సాధారణంగా ఏబీఎస్ లేదు. లారీ డ్రైవరుకు ఈ కారు అద్దంలో కనిపించకపోవచ్చు. తల వెనుక రోల్ బార్, భుజాలకు హార్నెస్ బెల్టు ఉన్నా, అసలు రక్షణ నడిపేవారి జాగ్రత్తే. దీన్ని రోజువారీ కారుగా ఎవరికీ సిఫారసు చేయలేం.

నిర్వహణ కష్టం కాదు గానీ క్రమం తప్పకూడదు. రాళ్లు తగిలి పెయింటు లేచిన చోట చట్రం గొట్టాలకు తుప్పు పడుతుంది. అది కనిపించిన రోజే గీకి రంగు వేయాలి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే దేశంలో ఇది మరీ ముఖ్యం. అందుకే చాలామంది నవంబరు నుంచి మార్చి దాకా కారును షెడ్డులో ఉంచి, బ్యాటరీకి చార్జర్ తగిలించి పెడతారు. బీమాకు ఈ కార్లు తెలిసిన ప్రత్యేక సంస్థల దగ్గర, ముందే ఒప్పుకున్న విలువ మీద పాలసీ తీసుకోవడం మేలు.

బ్రాండ్స్ హ్యాచ్, స్నెటర్టన్, క్యాడ్‌వెల్ పార్క్ వంటి ట్రాక్‌ల మీద రుసుము కట్టి సొంత కారు నడుపుకునే ట్రాక్ డేలలో సెవెన్ తరచూ కనిపిస్తుంది. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు నిదానంగా అరుగుతాయి కాబట్టి ఖర్చు భరించదగ్గదే. ఎప్పుడూ పోటీ చేయనివారి కోసం సంస్థ 1995లో అకాడమీ మొదలుపెట్టింది. అందరికీ ఒకే రకం కారు, కావాలంటే సొంతంగా కట్టుకున్నదే, ఆ తర్వాత లైసెన్సు, ఒక సీజన్ పోటీలు. యజమానుల లోటస్ సెవెన్ క్లబ్ ‘లో ఫ్లయింగ్’ అనే పత్రిక నడుపుతోంది.

అదే దారిలో మరికొన్ని

నెదర్లాండ్స్‌లో డాంకర్‌వూర్ట్, దక్షిణాఫ్రికాలో బిర్కిన్, ఇంగ్లండులో వెస్ట్‌ఫీల్డ్ సంస్థలు ఇదే రూపంతో కార్లు చేశాయి. పోలికల విషయంలో కేటర్‌హామ్‌తో వ్యాజ్యం వచ్చాక వెస్ట్‌ఫీల్డ్ తన కారు ఆకారం మార్చుకుంది. 1996లో రాన్ ఛాంపియన్ రాసిన పుస్తకం 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చని చెప్పి, ‘లోకాస్ట్’ అనే కొత్త ఒరవడికి దారితీసింది. ఇందులో చట్రం కూడా సొంతంగా వెల్డింగ్ చేసుకుని, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ నుంచి ఇంజిన్, యాక్సిల్ తీసి వాడతారు.

భారతదేశంలో

మన దేశంలో ఈ సంప్రదాయం వేళ్లూనలేదు. కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 126వ నియమం ప్రకారం తయారీదారు తన నమూనా వాహనాన్ని గుర్తింపు పొందిన పరీక్షా సంస్థకు పంపి ధ్రువీకరణ పొందాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. ఒక వ్యక్తి ఇంట్లో కట్టిన ఒక్క కారును పరీక్షించి నంబరు ఇచ్చే సులువైన దారి ఇక్కడ లేదు. ఇంజనీరింగ్ విద్యార్థులకు మాత్రం బాహా ఎస్ఏఈ ఇండియా, కోయంబత్తూరులో జరిగే ఫార్ములా భారత్ వంటి పోటీల్లో గొట్టాల చట్రం కట్టి నడిపే అవకాశం ఉంది.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారెవరైనా వాడిన సెవెన్ కొనాలనుకుంటే నాలుగు సంగతులు చూసుకోవాలి. కట్టినప్పటి ఫొటోలు, రసీదులు ఉన్న ఫైలు అడగండి. కారును ఎత్తించి కింది గొట్టాలు వంగాయా, తుప్పు పట్టాయా చూడండి. రిజిస్ట్రేషన్ పత్రంలోని ఇంజిన్ నంబరు కారులో ఉన్న దానితో సరిపోవాలి. డబ్బు చేతికిచ్చే ముందు, రోజూ వేసుకునే బూట్లతో లోపల కూర్చుని మూడు పెడళ్లూ విడివిడిగా అందుతున్నాయో లేదో తొక్కి చూసుకోండి.