బొమ్మలో ఆడినవాళ్ల పేర్లు

ఇటలీ చరిత్ర అనగానే పోపులు, రాజులు, చర్చి గోడల మీది పెద్ద చిత్రాలు గుర్తొస్తాయి. కూలినాలి చేసుకునే జనం ఎలా ఆడేవారో తెలియాలంటే బార్టొలొమియో పినెల్లి గీసిన సిరా బొమ్మలు చూడాలి.

పినెల్లి 1781లో రోమ్‌లోని ట్రాస్టెవెరే పేటలో పుట్టాడు. టైబర్ నది అవతలి ఒడ్డున ఉన్న పేదల పేట అది. 1809లో జనం వేషాలు, అలవాట్లు చూపే 50 బొమ్మలతో ఒక సంపుటి అచ్చువేశాడు. 1835లో చనిపోయాడు.

అతడు మళ్లీ మళ్లీ గీసిన ఆట సాల్టరెల్లో. ఆ మాటకు గెంతడమనే అర్థం. అక్టోబరులో ద్రాక్షకోతల కాలానికి రోమ్ పేదలు బళ్లు కట్టుకుని టెస్టాచియో వంటి చోట్లకు పోయి, తిని తాగి, ఈ ఆట ఆడేవారు. బొమ్మల్లో ఒక ఆడమనిషి నడుముకు కట్టిన గుడ్డ కొసలు పట్టుకుని తిరుగుతుంది. మగవాడు చెయ్యెత్తి ఆమెకు ఎదురుగా గెంతుతాడు. పక్కన ఒకామె కంజిర వంటి వాద్యం కొడుతుంది. 1798లో ఒకసారి, 1808లో మరోసారి ఫ్రెంచి సైన్యం రోమ్‌ను ఆక్రమించింది. పాలకులు మారినా జనం ఆట మానలేదు.

ఆ బొమ్మలను రోమ్ చూడవచ్చిన విదేశీయులు కొనుక్కుపోయారు. జర్మనీ సంగీతకారుడు మెండెల్సన్ రోమ్ వెళ్లొచ్చాక, 1833లో లండన్‌లో వినిపించిన తన ‘ఇటాలియన్ సింఫొనీ’ చివరి భాగాన్ని సాల్టరెల్లో నడకలోనే కట్టాడు. చిత్రకారుడి పేరు మిగిలింది, సంగీతకారుడి పేరు మిగిలింది. బొమ్మ కింద ఆట పేరు ఉంది. ఆడినామె పేరు మాత్రం లేదు.

ఇది మాకు తెలిసిన బాధే. 1940లలో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల గుస్సాడీని ఫోటోలు తీశాడు. వాటివల్ల మా పెద్దల ఆట ఈనాటికీ కళ్లారా చూడగలుగుతున్నాం. అది మేలే. కానీ ఈనాటికీ పోస్టర్ల మీద, క్యాలెండర్ల మీద మా ఆట ‘గిరిజన నృత్యం’ అన్న రెండు మాటలతో సరిపోతోంది. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆటతోపాటు ఆడిన మనిషి పేరు కూడా దేశం విన్నది.

పినెల్లి బయటివాడు కాడు, ఆ పేట బిడ్డే. అయినా పేర్లు జారిపోయాయి. అందుకే మావాళ్లు ఫోటో తీసినా, మా పిల్లలు బొమ్మ గీసినా, దాని కింద ఆడినవారి పేరు, ఊరు, నేర్పిన పెద్దల పేరు, సంవత్సరం రాయాలి. ఆ నాలుగు మాటలు మేమే రాసుకోవాలి.