శవచోరుల బిరుదనామము

తిరుపతిలో 1960లో నెలకొన్న శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలలో చేరిన విద్యార్థికి, శవచ్ఛేదనశాలలో బల్లమీది దేహము ఎక్కడినుండి వచ్చినదో విచారింపవలసిన పని అంతగా ఉండదు. కాని బ్రిటనులో రెండువందల యేండ్ల క్రిందట ఆ విచారమే ఊరూర గగ్గోలు పుట్టించెను. ఆ గగ్గోలులో వాడుకకెక్కినదే 'బాడీ స్నాచర్' అను సమాసము.

'బాడీ' దేహము, 'స్నాచ్' చటుక్కున లాగికొనుట. 1811లో లండనున వెలువడిన ఒక గ్రామ్యపద నిఘంటువును తెరచి చూచినచో, ఈ సమాసమునకు బాకీదారును పట్టుకొనిపోవు అమీనా యను అర్థము కనబడును. సమాధులు త్రవ్వువానికి అందు వేరుపేరు కలదు: 'రిసరెక్షన్ మ్యాన్', అనగా మృతులను పునరుత్థానము చేయించువాడు! అంత్యదినమున మృతులు లేతురను క్రైస్తవ విశ్వాసముపై విసిరిన ఎకసెక్కెమది. అనతికాలములోనే అమీనా పేరు శవచోరునికి స్థిరపడినది. ఇరువురి చేతికి చిక్కినవాడును ఎదురాడలేనివాడే గనుక, నాకిది తగిన మార్పుగానే తోచుచున్నది.

1752 నాటి శాసనము ఉరితీయబడిన హంతకుల దేహములను శస్త్రవైద్యుల కిచ్చెను. శరీరశాస్త్ర పాఠశాలలు పెరుగగా అవి చాలవయ్యెను. చోరులు రాత్రివేళ, చప్పుడు కాని కొయ్యపారలతో తలవైపు మాత్రమే త్రవ్వి, పెట్టెమూత విరిచి, దేహమును త్రాటితో పైకి లాగి, ప్రేతవస్త్రమును మాత్రము భద్రముగా గోతిలోనే వదలి, మన్ను కప్పి పోవుచుండిరి. ఏలయన శవము ఎవరి సొత్తును గాదని ఆంగ్లన్యాయము. గుడ్డ తీసినచో దొంగతనము, దేహము తీసినచో అల్పనేరము. న్యాయస్థానము దొంగతనమన వెనుదీసిన పనిని సామాన్యజనము ఒక్క 'స్నాచ్' ధాతువుతో నిర్మొగమాటముగా దొంగతనమనెను.

1828లో ఎడింబరోలో బర్క్, హేర్ అనువారు 16 మందిని చంపి, దేహములను డాక్టర్ నాక్స్ పాఠశాలకు అమ్మిరి. వారు గోరీ త్రవ్వి యెరుగరు. అయినను లోకము వారిని 'బాడీ స్నాచర్' అను బిరుదుతోనే తలచుచున్నది. 1832 చట్టము అనాథశవములను పాఠశాలల కప్పగించుటతో చోరవృత్తి క్షీణించినది. భారము బీదలపై పడినది.

ఇక మనదేశమునకు వచ్చినచో, ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు దేహమును ముంజగడ్డితో చుట్టి, పంజరమున నుంచి, ప్రవాహములో ఏడు రాత్రులు నాననిచ్చి, వట్టివేళ్ల కుంచెతో మెల్లగా రుద్దుచు పొరపొరను పరిశీలింపుమనెను. విక్రమార్కుడు చెట్టుమీది శవమును భుజమున వేసికొనుటను మనవారెవ్వరును చౌర్యమనలేదు.

నేడు చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో దేహదానము చేయదలచినవారు, వైద్య కళాశాల శరీరశాస్త్ర విభాగమునకు అంగీకారపత్రము వ్రాసియిచ్చుటతోపాటు ఇంటివారికిని ముందే చెప్పియుంచవలెను. మరణానంతరము దేహమును అప్పగింపవలసినవారు వారే.