షికాగో బడుల మూసివేత (2013)

అమెరికాలోని షికాగో పాఠశాల బోర్డు 2013 మే 22న సుమారు 50 ప్రభుత్వ బడులను ఒకే విడతలో మూసేయాలని తీర్మానించింది. అప్పటికి ఆ దేశంలో ఒకేసారి ఇన్ని బడులు మూతపడింది లేదు. దాదాపు వంద కోట్ల డాలర్ల లోటు రానుందని, చాలా భవనాలు సగం ఖాళీగా ఉన్నాయని అధికారులు చెప్పారు.

గొడవంతా ఆ ఖాళీల లెక్క దగ్గరే వచ్చింది. గదికి 30 మంది చొప్పున లెక్కగట్టారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతిలో అంతమందిని కూర్చోబెట్టరు కదా అని తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘం నిలదీశారు, కొట్టిపారేయలేని ప్రశ్నే. బడి మారాల్సి వచ్చిన పిల్లల్లో అత్యధికులు నల్లజాతివారు. కొత్త బడికి వెళ్లే దారిలో ముఠాల హద్దులు దాటాల్సి వస్తుందన్న భయంతో, మెరిసే పసుపు కోట్లు తొడిగిన కాపలా సిబ్బందిని వీధి మలుపుల్లో నిలబెట్టారు. పొదుపు కోసం చేసిన పనికి అదో కొత్త ఖర్చు.

మూసివేత ప్రకటించిన ఏడాదే పిల్లల చదువు ఎక్కువగా దెబ్బతిందని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో తేల్చారు. 1995 నుంచి బోర్డు సభ్యులను మేయరే నియమిస్తూ రావడంతో, కోపమొచ్చిన తల్లిదండ్రులకు వారిని ఓటుతో దించే వీలుండేది కాదు. బోర్డుకు తొలి ఎన్నికలు 2024 నవంబరులో జరిగాయి.