కీళ్ల మార్పిడి తర్వాత కోలుకోవడం

అరిగిపోయిన తుంటి కీలు లేదా మోకాలి కీలు స్థానంలో కృత్రిమ కీలు అమర్చాక, రోగి మళ్లీ సొంతంగా నడిచి తన పనులు తాను చేసుకునేదాకా సాగే చికిత్స ఇది. ఆపరేషన్ గంటన్నర, రెండు గంటల్లో ముగుస్తుంది. కోలుకోవడానికి నెలలు పడుతుంది. సర్జన్ నేర్పుతో పాటు ఆపరేషన్‌కు ముందు వారాల్లో తీసుకున్న జాగ్రత్తలు, తర్వాతి మొదటి 24 గంటల్లో అందే సంరక్షణ కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

ఆధునిక తుంటి మార్పిడికి బాట వేసినవాడు జాన్ చార్న్‌లీ. 1962లో ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో లోహపు బంతి, పాలిథిలిన్ గిన్నెతో ఆయన అమర్చిన కీలే నేటి కీళ్లకు మాతృక. అప్పట్లో రోగులు వారాల తరబడి ఆసుపత్రిలోనే ఉండేవారు. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ పేగుల ఆపరేషన్లలో ప్రవేశపెట్టిన, రోగిని త్వరగా లేపి ఇంటికి పంపే ఫాస్ట్ ట్రాక్ పద్ధతి తర్వాత కీళ్ల మార్పిడికీ వచ్చింది. రోగి మంచం దిగలేకపోవడానికి కారణాలేమిటని ఆరా తీస్తే నొప్పి, కళ్లు తిరగడం, నీరసం ముందు నిలిచాయి. ఒక్కోదానికీ విరుగుడు వెతికారు. డెన్మార్క్‌లో 2000లో సుమారు 10 రోజులున్న సగటు బస 2009 నాటికి 4 రోజులకు దిగింది.

ఈ పద్ధతిలో చికిత్స ఆపరేషన్‌కు ముందే మొదలవుతుంది. రక్తహీనత ఉంటే ఐరన్ ఇచ్చి సరిచేస్తారు. షుగర్‌ను అదుపులోకి తెస్తారు. పొగతాగేవారు కనీసం నాలుగు వారాల ముందు మానేయాలి, లేకపోతే గాయం ఆలస్యంగా మానుతుంది. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివ్వని అలవాటు చాలాచోట్ల ఇంకా ఉంది. కానీ సాధారణంగా మత్తు ఇవ్వడానికి రెండు గంటల ముందువరకు నీళ్లు తాగవచ్చు.

ఆపరేషన్ రోజున వెన్నులోకి మత్తు ఇస్తారు. రక్తస్రావం తగ్గించడానికి ట్రానెక్సామిక్ ఆమ్లం, కీలు చుట్టూ నొప్పి తెలియకుండా ఇంజెక్షన్లు, తర్వాత వేళ తప్పకుండా పారాసెటమాల్, సరిపడేవారికి ఇతర నొప్పి మాత్రలు ఇస్తారు. మార్ఫిన్ జాతి మందుల వల్ల వాంతులు, మగత వస్తాయి కనుక వాటిని వీలైనంత తగ్గిస్తారు. నొప్పి తగ్గించడంలోని ముఖ్యోద్దేశం రోగిని నడిపించడం. అందుకే చాలామందిని ఆ రోజే, లేదంటే మర్నాడు ఉదయమే వాకర్ పట్టించి నిలబెడతారు. "పచ్చి గాయం, కదలనివ్వకండి" అని ఇంట్లోవాళ్లు కంగారుపడటం సహజమే. కానీ కదలకుండా పడుకోబెడితే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు, ఊపిరితిత్తుల్లో కఫం చేరే ముప్పు పెరుగుతాయి.

మోకాలు మార్పిడిలో అందరి చూపూ కాలు ఎంత వంగుతోందన్న దానిమీదే ఉంటుంది. పూర్తిగా చాపగలగడమూ అంతే ముఖ్యం. లేకపోతే కుంటుతూ నడవాల్సి వస్తుంది. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెడితే కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, తొడ కండరం బిగించి, మోకాలిని పరుపు వైపు నొక్కి కాసేపు ఉంచి వదలాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు వేయాలి. చేతికర్ర పట్టాల్సింది ఆపరేషన్ కాలికి అవతలి చేత్తో.

తుంటి మార్పిడిలో భయమంతా బంతి గిన్నెలోంచి జారడం గురించి. వెనక వైపు నుంచి ఆపరేషన్ చేసినవారికి కొన్ని వారాలపాటు నడుము 90 డిగ్రీలకు మించి వంచవద్దని, కాలు మీద కాలు వేయవద్దని చెబుతారు. నేలమీద కూర్చుని తినే అలవాటున్న మన ఇళ్లలో ఎత్తైన కుర్చీ, కమోడ్ ముందే సిద్ధం చేసుకోవాలి.

మోకాలు మార్పిడి తర్వాత కోతకు బయటి వైపు తిమ్మిరి, కీలు చుట్టూ వెచ్చదనం, కొద్దిపాటి వాపు నెలల తరబడి ఉండటం మామూలే. గాయం నుంచి రసి, చీము కారినా, జ్వరంతో నొప్పి పెరిగినా, పిక్క గట్టిపడి వాచినా ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. మందుల షాపులో యాంటీబయాటిక్ మాత్రలు కొని వేసుకోవడం మాత్రం చాలా ప్రమాదం: కీలులోని ద్రవం తీసి పరీక్షించక ముందే మందు పడితే సూక్ష్మక్రిమి దొరకకుండా తప్పించుకుంటుంది, లోపలి ఇన్ఫెక్షన్ ముదిరి అమర్చిన కీలునే తీసేయాల్సి రావచ్చు.