ఓడ నమూనాలు, తాళ్ల అమరిక

ఓడ నమూనా అంటే ఒక నిజమైన ఓడకో, కట్టదలచిన ఓడకో నిర్ణీత స్కేలులో చేసిన చిన్న ప్రతిరూపం. తెరచాప ఓడల విషయంలో ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది ఓడ దేహం, అంటే అడుగు దూలం, చట్రం, పలకలు, డెక్కులు. రెండోది స్తంభాలు, తెరచాపలు వేలాడే అడ్డకొయ్యలు, వాటిని నిలబెట్టి నడిపే తాళ్లు, కప్పీలు. ఈ రెండో పనినే రిగ్గింగ్ అంటారు. ఈ కళ చరిత్రను ఎక్కువగా దేహం వైపు నుంచే రాస్తూ వచ్చారు. చెక్క శతాబ్దాలు నిలుస్తుంది, తాడు నిలవదు. కాబట్టి చూపు ముందుగా చెక్క మీదికే పోతుంది. కానీ నమూనా మాత్రమే చెప్పగలిగిన సంగతులు ఎక్కువగా తాళ్లలోనే ఉన్నాయి. దేహం ఆకారాన్ని పటాలు చెబుతాయి, కొలతల పట్టికలు చెబుతాయి, సముద్రం అడుగున దొరికిన శిథిలాలు చెబుతాయి. ఫలానా తాడు ఎక్కడ మొదలై, ఏ కప్పీలోంచి దూరి, ఏ మేకు దగ్గర ముడిపడిందో రాసిపెట్టినవాళ్లు చాలా తక్కువ. అది ఓడ మీద పనిచేసేవాళ్ల చేతుల్లో ఉండిన విద్య.

ప్రాచీన నమూనాల్లో ప్రసిద్ధమైనవి ఈజిప్టువి. క్రీ.పూ. 1980 ప్రాంతానికి చెందిన మెకెత్రే సమాధిలో 1920లో హెర్బర్ట్ విన్‌లాక్ బృందానికి దొరికిన పడవలు నేడు కొన్ని కైరోలో, కొన్ని న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. చనిపోయినవాడి పరలోక ప్రయాణం కోసం చేసినవి కనుక వీటిలో స్కేలు పట్టింపు లేదు. అయినా పడవ మీద ఎవరు ఎక్కడ నిలబడి ఏ పని చేసేవారో వీటివల్ల తెలుస్తుంది. యూరప్‌లో ఇలాంటి స్థానం మొక్కుబడి ఓడలది. సముద్రం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన నావికులు చర్చిలో వేలాడదీసిన నమూనాలవి. 15వ శతాబ్దపు మతరో ఓడ వీటిలో అమూల్యమైనది. బార్సిలోనా దగ్గరి మతరో పేరు మోస్తున్న ఈ నమూనా ఇప్పుడు రోటర్‌డామ్ సముద్రయాన మ్యూజియంలో ఉంది. ఆ కాలపు ఓడలు లోపల ఎలా కట్టబడ్డాయో దీని దేహం చూసి పండితులు చాలా నేర్చుకున్నారు. దీనికి మొదట ఎన్ని స్తంభాలుండేవన్న చోట మాత్రం వాదన తెగలేదు. ఎందుకంటే చెక్క మిగిలింది, దాన్ని తెరచాపతో కలిపిన తాళ్లు అలాగే మిగలలేదు.

స్కేలు ప్రకారం కట్టే పద్ధతి ఓడల కార్ఖానాల్లో పెరిగింది. 1607లో ఇంగ్లండు ఓడల నిర్మాత ఫినియస్ పెట్ ఒక నమూనా చేసి రాజు మొదటి జేమ్స్‌కు చూపించాడు. 1610లో నీళ్లలోకి దిగిన ప్రిన్స్ రాయల్‌కు అదే నాంది. 17వ శతాబ్దం మధ్య నుంచి నేవీ బోర్డు నమూనాలుగా పేరుపడ్డవి తయారయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం స్కేలు నాలుగో వంతు అంగుళానికి ఒక అడుగు, అంటే 1:48. కింది భాగంలో పలకలు వేయకుండా చట్రం కొయ్యలు కనబడేలా వదిలేసేవారు. అధికారులకు, రాజుకు ఓడను కళ్లకు కట్టడం వీటి ప్రయోజనాల్లో ఒకటి. 1760లో నీటిలోకి దిగిన 74 ఫిరంగుల బెలోనా నమూనా అడుగుభాగానికి రాగిరేకు తొడిగి ఉంటుంది. చెక్కను తొలిచే పురుగు నుంచి రాగి కాపాడుతుందని మూడో జార్జికి నచ్చజెప్పడానికి దాన్ని వాడారని చెబుతారు. ఈ నమూనాల్లో చాలావాటికి స్తంభాలూ తాళ్లూ అసలు పెట్టలేదు. నిర్ణయం తీసుకునేవారికి కావలసింది దేహమే. రిగ్గింగ్ ఎలా ఉండాలో కార్ఖానాలో అందరికీ తెలుసన్న ధీమా కూడా అందుకు కారణమై ఉండాలి.

ఆ ధీమాకు ఆధారం నిష్పత్తులు. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ యుద్ధనౌక పటాల్లో దేహం గీతలు వివరంగా ఉంటాయి, తాళ్లు ఉండవు. వాటిని లెక్క కట్టేవారు. ఫిరంగుల డెక్కు పొడవును, ఓడ వెడల్పును కలిపి సగం చేస్తే నడి స్తంభం పొడవు వస్తుంది. బెలోనాకు డెక్కు 168 అడుగులు, వెడల్పు సుమారు 47 అడుగులు. కనుక స్తంభం దాదాపు 107 అడుగులు, అంటే 36 గజాలు. గజానికి సుమారు అంగుళం చొప్పున స్తంభం మందం 36 అంగుళాలు. ఆ స్తంభాన్ని ముందుకు లాగిపట్టే పెద్ద తాడు, అంటే స్టే, చుట్టుకొలత మందంలో సగం: 18 అంగుళాలు. ఆ కాలంలో తాడు లావును చుట్టుకొలతలోనే చెప్పేవారు. దాన్ని వ్యాసంగా పొరబడితే నమూనాలో తాడు మూడింతలు లావెక్కిపోతుంది. సరిగ్గా లెక్కిస్తే 1:48లో ఆ స్టే మూడు మిల్లీమీటర్ల దారం.

లెక్కలు ఇంత కచ్చితంగా ఉన్నప్పుడు పాత నమూనాలతో పనేముందని అడగవచ్చు. డేవిడ్ స్టీల్ 1794లో రిగ్గింగ్ గురించి పెద్ద గ్రంథమే ప్రచురించాడు, 1808లో డార్సీ లీవర్ యువ అధికారుల కోసం బొమ్మలతో మరొకటి తెచ్చాడు, 1979లో జేమ్స్ లీస్ 1625 నుంచి 1860 వరకు ఇంగ్లిష్ యుద్ధనౌకల స్తంభాలను, తాళ్లను ఒకే పుస్తకంలో క్రోడీకరించాడు. ఇది బలమైన అభ్యంతరమే. కానీ స్టీల్, లీవర్ ఇద్దరూ తెరచాప యుగం చివరి దశవాళ్లు. వాళ్లు రాసింది తమ కాలపు ఆచారం. దానికి నూరేళ్ల ముందు సంగతికి ఆ పట్టికలు చాలవు. 1600 నుంచి 1720 వరకు ఓడల తాళ్ల మీద ఆర్.సి. ఆండర్సన్ 1927లో ప్రచురించిన పుస్తకం ఆ కాలపు నమూనాలను సాక్ష్యంగా తీసుకోకుండా సాధ్యమయ్యేది కాదు. పైగా పట్టిక లావు, పొడవు చెబుతుంది, అల్లిక చెప్పదు. మామూలు తాడు కుడివైపు పురి పెట్టిన ముప్పేట తాడు. లంగరు తాళ్లు, పెద్ద స్టేలు అలాంటి మూడు తాళ్లను మళ్లీ ఎడమవైపు పేనినవి, మొత్తం తొమ్మిది పేటలు. మంచి నమూనాకారులు దుకాణంలో దొరికే దారం వాడకుండా చిన్న యంత్రాల మీద తామే తాళ్లు పేనుకోవడం ఇందుకే. కదలని తాళ్లకు తారు రంగు, తెరచాపలు లాగే తాళ్లకు లేత రంగు ఇవ్వడం కూడా వాడుకను బట్టి వచ్చిన తేడాయే.

దీనికన్నా గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. మ్యూజియాల్లో నేడు కనబడే తాళ్లలో చాలా భాగం అసలువి కావు. పట్టు, నార దారాలు వెలుతురుకు, దుమ్ముకు పొడిపొడి అయ్యాయి. 19, 20 శతాబ్దాల్లో సేకరణకర్తలు కొత్తవి కట్టించారు, ఒక్కోసారి తప్పుడు కాలపు పద్ధతిలో. కర్నల్ హెన్రీ హెచ్. రాజర్స్ 1935లో అన్నాపోలిస్‌లోని అమెరికా నావికా విద్యాలయానికి రాసిచ్చిన గొప్ప సేకరణను చూసినా, గ్రీనిచ్‌లో 1937లో తెరిచిన జాతీయ సముద్రయాన మ్యూజియాన్ని చూసినా ప్రతి నమూనాకూ ఈ ప్రశ్న వేయాల్సిందే. నెపోలియన్ యుద్ధాల కాలంలో నార్మన్ క్రాస్ లాంటి శిబిరాల్లో ఫ్రెంచి ఖైదీలు తినగా మిగిలిన పశువుల ఎముకలతో చేసిన ఓడల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వాళ్ల పనితనం కన్నీళ్లు తెప్పించేంత సున్నితం. కానీ పటాలు లేకుండా, అమ్మకం కోసం చేసినవి కనుక వాటి నిష్పత్తుల మీద ఆధారపడలేం. ఇదంతా ఒప్పుకున్నా తాళ్లు పనికిరాని సాక్ష్యమని తేలదు. దేహానికి ఒక తేదీ, తాళ్లకు మరో తేదీ వేసి రెంటినీ విడిగా చదవాలని తేలుతుంది. మార్చిన తాడు కింద పాత మేకు రంధ్రం ఉండవచ్చు, కప్పీ అరుగుదల ఉండవచ్చు. తర్వాతి తరం కట్టిన తాడు కూడా ఆ తరానికి ఎంత తెలుసో చూపే సాక్ష్యమే.

పట్టికలే లేని చోట ఈ విలువ ఇంకా పెరుగుతుంది. ఫ్రెంచి నావికాధికారి ఎద్మొం పారి 1830 ప్రాంతంలో లా ఫావొరిత్ నౌకలో ఆసియా తీరాలు తిరుగుతూ గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవుకు వచ్చాడు. అక్కడి దోనెను కొలతలతో సహా గీశాడు. 1840ల మొదట్లో వెలువడిన ఆయన గ్రంథంలో యూరప్ బయటి ప్రజల ఓడలతోపాటు ఆ దోనె కూడా ఉంది. కోరంగి వడ్రంగులు పటాలు గీసి కట్టేవారు కాదు, విద్య తండ్రి నుంచి కొడుక్కు చేరేది. 1839 నవంబరు తుపాను ఆ రేవును ధ్వంసం చేసింది. 1871లో లూవ్రలోని నౌకా మ్యూజియం బాధ్యత చేపట్టిన పారి, 1893లో చనిపోయేదాకా తన పటాల ఆధారంగా ఇలాంటి ఓడలకు నమూనాలు కట్టించాడు. పరాయివాడి కంటితో చూసినవి కనుక లోపాలుంటాయి. అయినా మన తీరపు పాత ఓడల గురించి రాసేవారు శాతవాహనుల నాణేల మీది రెండు స్తంభాల ఓడ దగ్గరే ఆగిపోకుండా పారి పటాల దాకా రావాలి. నాణెం మీద ఓడ ఉందని తెలుస్తుంది; పారి గీతల్లో ఓడను ఎలా నడిపారో తెలుస్తుంది.

20వ శతాబ్దంలో సాక్ష్యం నిజమైన ఓడల నుంచి నమూనాల వైపు ప్రవహించింది. 1628లో స్టాక్‌హోంలో మునిగి 1961లో పైకి తీసిన వాసా ఓడలో మడిచి దాచిన ఆరు తెరచాపలు, కప్పీలు, తాళ్ల ముక్కలు దొరికాయి. వాసా మ్యూజియంలోని 1:10 నమూనా అలంకారంగా చేసింది కాదు, పరిశోధకుల నిర్ణయాలన్నీ ఒకచోట కనబడేలా కట్టింది. నమూనాకారుడు లాంగ్‌రిడ్జ్ ఇంగ్లిష్ యుద్ధనౌక విక్టరీకి చేసిన 1:48 నమూనా, దాని మీద 1955లో వచ్చిన ఆయన పుస్తకం కూడా అంతే. సుమారు 26 మైళ్ల తాడు మోసే ఓడలో ప్రతి తాడు దారీ వేరుగా వెతకాల్సి వచ్చింది. కాగితం మీద ఖాళీ వదిలేయవచ్చు, నమూనాలో కుదరదు. ప్రతి తాడూ ఎక్కడో ఒకచోట కట్టాల్సిందే, కాబట్టి తెలియని చోటు వెంటనే బయటపడుతుంది. ఈ కారణంగానే పాత నమూనాలను బాగుచేసేవారు దారం తెగిన చోట కొత్తది కట్టి ఊరుకోకూడదు. తీసిన దారాన్ని భద్రపరచాలి, ముడి ఫొటో తీయాలి, కొత్త దారాన్ని విడిగా గుర్తుపట్టేలా కట్టాలి. ఓక్ చెక్క పెట్టెలో మూసిపెట్టిన సీసపు భాగాలు ఆ చెక్క ఆవిరికి తెల్లటి పొడిగా మారతాయి కనుక పెట్టెకు గాలి ఆడే ఏర్పాటూ చేయాలి.