సంజాయిషీ వేరు, వాదన వేరు

ఉర్దూలో వ్యాసం రాయడానికి కూర్చుంటే నేరుగా విషయంలోకి వెళ్తాను. అదే విషయం తెలుగులో రాయాల్సివస్తే మొదటి పేరా అంతా సంజాయిషీయే. మా తాతముత్తాతలు ఈ మట్టిలోనే కలిసిపోయారనీ, ఈ దేశం మాదేననీ. ఎవరూ అడగలేదు. అయినా కలం ముందే జవాబు చెప్పేస్తుంది. పాఠకుణ్ణి ఒప్పించాలంటే ముందు మనం నిర్దోషులమని రుజువు చేసుకోవాలా?

ఈ రెండు దారుల్లోనూ నడిచినవాడు సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్.

1857 తిరుగుబాటు అణిగాక తెల్లవాళ్ళ అనుమానం ఎక్కువగా ముస్లింల మీద పడింది. అప్పుడు సర్కారు కొలువులో న్యాయాధికారిగా ఉన్న సయ్యద్ అహ్మద్ 1859లో ఉర్దూలో ‘అస్బాబె బగావతె హింద్’ రాశాడు. తిరుగుబాటుకు కారణాలేమిటన్నదే విషయం. తగలబెట్టెయ్యమని మిత్రులు చెప్పినా వినలేదు. 500 ప్రతులు అచ్చువేయించి, దాదాపు అన్నీ ఇంగ్లండుకే పంపాడు. తీర్పు చెప్పేవాడెవడో అతనికే రాశాడు.

ఆ వాదన నడక చూడండి. ప్రభుత్వ ఉద్దేశాలను ప్రజలు అపార్థం చేసుకున్నారని మొదటే ఒప్పుకుంటాడు. చదివే దొర తలూపుతాడు. మరి ఎందుకు అపార్థం చేసుకున్నారు? చట్టాలు చేసే కౌన్సిల్లో హిందూస్తానీవాడు ఒక్కడూ లేడు. ప్రజల గోడు పైకి చేరే దారి లేదు. దొర తలూపడం ఆపేలోపే వేలు అతనివైపు తిరిగింది. ఇది రాజద్రోహమన్న పెద్ద అధికారీ ఉన్నాడు. 1873లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్ళూ ఇంగ్లీషువాళ్ళే.

అదే మనిషి 1860లో మరో పని మొదలుపెట్టాడు. సర్కారుకు విధేయంగా నిలిచిన ముస్లింల పేర్లు, వాళ్ళు చేసిన సేవలు వరసగా ప్రచురించాడు. బాధతో చేసిన పనే. కానీ జాబితా ఎంత పొడుగైనా, అందులో లేనివాడి సంగతేమిటన్న ప్రశ్న మిగులుతుంది. నమ్మకస్తుల పట్టీ రాసిన చెయ్యే మిగతావాళ్ళను అనుమానితుల్ని చేస్తుంది.

సయ్యద్ అహ్మద్ ఖాన్‌తో మనకు పేచీలు లేకపోలేదు. ఆయన మాట్లాడింది ముఖ్యంగా షరీఫుల తరఫున. దూదేకులవాడూ, నేతగాడూ ఆ గొంతులో పెద్దగా వినిపించరు. పైగా ఆయన రాసింది పాలకుడికి. మనం రాస్తున్నది పక్కింటివాడికి. పక్కింటివాడి ముందు చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు. మన తప్పు మనం ఒప్పుకుని, అతని తప్పు అతనికి చూపిస్తే చాలు.

ఈ వ్యాసానికి కూడా మొదట ఒక సంజాయిషీ పేరా రాశాను. కొట్టేశాను.