గ్రీన్ హైడ్రోజన్: పగటి సోలార్ కరెంట్‌ను రాత్రికి దాచొచ్చా..? 55 యూనిట్లు పెడితే తిరిగొచ్చేది ఎంత?

మధ్యాహ్నం సోలార్ కరెంట్ పుష్కలంగా ఉంటుంది. సాయంత్రం 6 దాటితే లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు ఒక్కసారిగా ఆన్ అవుతాయి.. అప్పటికి సోలార్ ప్లాంట్లు సైలెంట్. ఈ గ్యాప్‌ను గ్రీన్ హైడ్రోజన్ పూడుస్తుందన్న మాట ఈ మధ్య తరచూ వినిపిస్తోంది. మరి నిజంగా పూడుస్తుందా? ఉమ్మడి విశాఖ జిల్లాలో రెండు ప్రాజెక్టులను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం క్లియర్‌గా అర్థమవుతుంది.

అసలు ఎలా పనిచేస్తుంది?

నీటిలోకి కరెంట్ పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుంది. స్కూల్లో చదువుకున్న పాఠమే ఇది. ఆ పని చేసే మెషీన్‌ను ఎలక్ట్రోలైజర్ అంటారు. ఆ కరెంట్ సోలార్, విండ్ లాంటి వాటి నుంచి వస్తే అది గ్రీన్ హైడ్రోజన్. సహజ వాయువు నుంచి తీస్తే గ్రే. (గ్యాస్‌కు మాత్రం ఏ రంగూ ఉండదు.. ఇవన్నీ పెట్టుకున్న పేర్లే.) కిలో హైడ్రోజన్‌కు వెలువడే కార్బన్ డయాక్సైడ్ 2 కిలోలు దాటకపోతేనే గ్రీన్ అనాలని 2023 ఆగస్టులో కేంద్రం రూల్ పెట్టింది.

తయారైన గ్యాస్‌ను ట్యాంకుల్లో దాస్తారు. కరెంట్ కావాల్సినప్పుడు ఫ్యూయల్ సెల్‌లోకి పంపుతారు. అక్కడ సీన్ రివర్స్. హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది, కరెంట్ పుడుతుంది, మిగిలేది నీళ్లే.

సింహాద్రి గెస్ట్ హౌస్ ప్లాన్

సింహాద్రి థర్మల్ ప్లాంట్ రిజర్వాయర్‌పై 25 మెగావాట్ల ఫ్లోటింగ్ సోలార్‌ను ఎన్టీపీసీ 2021 ఆగస్టులో ప్రారంభించింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఇంకో ప్రకటన చేసింది. అక్కడి గెస్ట్ హౌస్‌ కోసం హైడ్రోజన్ మైక్రోగ్రిడ్ పెడతామని, పగలు ఫ్లోటింగ్ సోలార్ కరెంట్‌తో హైడ్రోజన్ తయారు చేస్తామని చెప్పింది. సాయంత్రం 5 నుంచి ఉదయం 7 వరకు ఆ గ్యాస్‌తోనే కరెంట్ ఇవ్వాలన్నది ప్లాన్.

ఇందులో ఎలక్ట్రోలైజర్ సైజు 240 కిలోవాట్లు. కరెంట్ ఇచ్చే ఫ్యూయల్ సెల్ మాత్రం 50 కిలోవాట్లే. అంటే లోపలికి వెళ్లే గేటు బయటకొచ్చే గేటు కంటే దాదాపు 5 రెట్లు పెద్దది. ఎండ బాగా కాసేది కొన్ని గంటలే, రాత్రి వాడకం 14 గంటలు కాబట్టి కొంత తేడా సహజమే. కానీ ఇంకో కారణం కూడా ఉంది.. దారిలో పోయే కరెంట్.

అసలు లెక్క ఇక్కడే..

కిలో హైడ్రోజన్ తయారు చేయాలంటే ఇప్పటి మెషీన్లతో సుమారు 50 నుంచి 55 యూనిట్ల కరెంట్ కావాలి. ఆ కిలోలో ఉండే శక్తి దాదాపు 33 యూనిట్లు. ఫ్యూయల్ సెల్ అందులో సగానికి కాస్త అటూఇటూగా మాత్రమే కరెంట్‌గా మార్చగలదు, మిగతాది వేడిగా పోతుంది. చివరికి చేతికొచ్చేది 17 యూనిట్లు! గ్యాస్‌ను ట్యాంకులోకి ఒత్తిడితో ఎక్కించడానికి అయ్యే కరెంట్ దీనికి అదనం.

రూపాయల్లో చూద్దాం. సోలార్ యూనిట్ రూ.2.50 అనుకుంటే 55 యూనిట్లకు రూ.137. తిరిగొచ్చిన 17 యూనిట్లతో భాగిస్తే యూనిట్ రూ.8 దాటింది. ఇది కేవలం కరెంట్ ఖర్చు, మెషీన్ల ధర ఇందులో లేదు. లిథియం బ్యాటరీ అయితే 100 యూనిట్లకు 85 వరకు తిరిగిస్తుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో ఉన్నట్టు నీటిని పైకి తోడి కిందికి వదిలే పంప్డ్ స్టోరేజ్‌లో 75 నుంచి 80 వస్తాయి. కాబట్టి ఈ రాత్రి ఫ్యాన్ తిరగడానికి హైడ్రోజన్ వాడటం ప్రస్తుతానికి ఖరీదైన పనే.

మరి ఎందుకింత హడావిడి?

బ్యాటరీకి ఒక బలహీనత ఉంది. రెండింతల కరెంట్ దాచాలంటే రెండింతల బ్యాటరీలు కొనాలి. రోజూ నింపి, ఖాళీ చేస్తే ఆ పెట్టుబడి గిట్టుబాటు అవుతుంది. కానీ ఎండాకాలం కరెంట్‌ను ముసురు పట్టే వానాకాలం దాకా దాచాలంటే? ఏడాదికి ఒక్కసారి వాడే బ్యాటరీ ఎవరికీ కిట్టదు. హైడ్రోజన్‌కు చాన్స్ దొరికేది ఇక్కడే.

అమెరికాలోని యూటా రాష్ట్రం డెల్టా దగ్గర 220 మెగావాట్ల ఎలక్ట్రోలైజర్లతో చేపట్టిన ప్రాజెక్ట్ ఇదే ఐడియాతో వచ్చింది. భూగర్భంలోని ఉప్పు పొరలను నీటితో కరిగించి, రెండు భారీ గుహలు చేసి, అందులో హైడ్రోజన్ నింపుతారు. కెపాసిటీ 300 గిగావాట్ అవర్లు.. అంటే 30 కోట్ల యూనిట్లకు సమానమైన శక్తి.

ఇలాంటి ఉప్పు పొరలు అన్నిచోట్లా ఉండవు. ట్యాంకుల్లో దాచడం అంత ఈజీ కాదు. 700 రెట్లు వాతావరణ పీడనంతో నొక్కినా ఘనపు మీటరులో పట్టేది 40 కిలోల చిల్లరే. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి. కొన్ని రకాల ఉక్కును ఈ గ్యాస్ పెళుసుగా మార్చేస్తుంది, కాబట్టి పైపుల ఎంపికలోనూ జాగ్రత్త తప్పదు.

పూడిమడక కథ వేరు

2025 జనవరి 8న ప్రధాని మోదీ శంకుస్థాపన చేసిన పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌ను చాలామంది కరెంట్ స్టోరేజ్ ప్రాజెక్ట్ అనుకుంటున్నారు. కానీ కాదు. సుమారు రూ.1.85 లక్షల కోట్ల పెట్టుబడి, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ టార్గెట్. అందులో ఎక్కువ భాగం గ్రీన్ మిథనాల్, గ్రీన్ యూరియా, విమాన ఇంధనం లాంటి ఉత్పత్తులుగా మారి ప్రధానంగా ఎగుమతికి వెళ్తుంది. ఆ గ్యాస్ తిరిగి మన ఇంటి మీటర్‌కు చేరదు. అలా ఇంధనంగా, ముడిసరుకుగా వాడితే 17 యూనిట్ల సమస్య కూడా రాదు, ఎందుకంటే మళ్లీ కరెంట్‌గా మార్చే పనే ఉండదు. 2023 జనవరిలో రూ.19,744 కోట్లతో ఆమోదించిన నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కూడా ఎరువులు, రిఫైనరీలు, ఉక్కు లాంటి పరిశ్రమలపైనే ఎక్కువ దృష్టి పెట్టింది.

ఇక నీళ్ల సంగతి. కిలో హైడ్రోజన్‌కు కనీసం 9 లీటర్ల శుద్ధమైన నీరు ఖర్చవుతుంది. 1,500 టన్నులంటే రోజుకు 1.35 కోట్ల లీటర్లు, కూలింగ్ అవసరాలు కాకుండానే. సముద్రం పక్కనే ఉంది కదా అంటే, ఉప్పు తీయడానికి వెయ్యి లీటర్లకు 3, 4 యూనిట్ల కరెంట్ సరిపోతుంది. కిలోకు 55 యూనిట్ల ముందు అది లెక్కలోకే రాదు. తేలాల్సింది ఉప్పు తీశాక మిగిలే చిక్కటి ఉప్పునీటిని తీరంలో ఎక్కడ వదులుతారన్నది. చేపల వేటే జీవనాధారమైన తీర గ్రామాలకు ఇదే పెద్ద ప్రశ్న.